భూమి సంగతే చెప్పమ్మా

అడ్డతీగల

చిరంజీవి దుర్గకు మాస్టారి ఆశీస్సులు.

నువ్వు పంపిన మెసేజ్ చదివాక ఫోనులో జవాబిస్తే సరిపోదనిపించి ఉత్తరం రాస్తున్నాను. మెక్సికోలోని గ్వాదలహారాకి గంట దూరంలో చపాలా సరస్సు ఉందనీ, దాని ఒడ్డున అహిహిక్ అనే ఊళ్లో రిటైరైన అమెరికన్లూ కెనడియన్లూ పెద్ద సంఖ్యలో కాపురముంటున్నారనీ, ప్రతి ఆదివారం పొద్దున్న ఓపెన్ సర్కిల్ పేరుతో తోటలో కూడి ఎవరో ఒకరి ప్రసంగం వింటారనీ రాశావు. ఇప్పుడు నిన్ను మాట్లాడమన్నారు. విషయం ఏమిటంటే “ఇండియాలో గిరిజన జీవితం, ఏదైనా ఫరవాలేదు” అన్నారట. ఆ “ఏదైనా” దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

నీ చిట్టాలో థింసా వీడియో, బొంగులో చికెన్, జీలుగు కల్లు, అరకు కాఫీ, అల్లూరి సీతారామరాజు, కొండరెడ్ల పెళ్లి తంతు కనిపించాయి. ఇవన్నీ నలభై నిమిషాల్లో చెబితే వాళ్లు చప్పట్లు కొట్టి, కాఫీ తాగి, ఇంటికెళ్లి మర్చిపోతారు. బొంగులో చికెన్ మాట అసలు ఎత్తకు. మారేడుమిల్లి రోడ్డు పక్కన టూరిస్టులకు అమ్మేదాన్ని మన జీవితమని చూపించడం నాకు గిట్టదు. ఒక్క విషయం పట్టుకో. నన్నడిగితే భూమి సంగతే చెప్పమంటాను.

ఎందుకంటే ఎదురుగా కూర్చునేవాళ్లెవరో ముందు ఆలోచించు. వాళ్లూ బయటినుంచి వచ్చినవాళ్లే. పక్క దేశంలో ఇల్లు కొనుక్కునో అద్దెకు తీసుకునో బతుకుతున్నారు. మెక్సికోలో సరిహద్దుకి వంద కిలోమీటర్లు, సముద్రతీరానికి యాభై కిలోమీటర్ల లోపల విదేశీయుడు నేరుగా భూమి కొనడానికి లేదు. కావాలంటే బ్యాంకు ట్రస్టు పేరు మీద పెట్టుకోవాలి. చపాలా ఆ హద్దులో పడదు గానీ ఆ రూలు తెలియని మనిషి అక్కడ ఉండడు. కాబట్టి “మా కొండల్లో బయటివాడు భూమి కొనకూడదు” అని నువ్వు మొదలుపెడితే వాళ్లకి అది వింత కబురులా ఉండదు, తమకు సంబంధించిన విషయంలా ఉంటుంది.

తేదీలు కూడా నీకు కలిసొచ్చాయి. మెక్సికో రాజ్యాంగం 1917 ఫిబ్రవరిలో వచ్చింది. దాని 27వ అధికరణం కిందే పల్లెల ఉమ్మడి భూములు, వాళ్లు ఎహీదో అంటారు, రైతులకు దక్కాయి. 1992లో సవరణ చేసేదాకా వాటిని అమ్మే వీలే లేదు. సరిగ్గా ఆ 1917లోనే మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు వడ్డీ, భూబదలాయింపు చట్టం చేసింది. కొండమనిషి భూమి మైదానంవాడి చేతిలోకి పోవాలంటే ప్రభుత్వ ఏజెంటు అనుమతి ఉండాలంది. వడ్డీ నూటికి ఏడాదికి 24 మించకూడదంది. అక్కడిది విప్లవం తెచ్చిన చట్టం. ఇక్కడిది కొండల్లో మళ్లీ పితూరీ, అంటే తిరుగుబాటు, లేవకూడదని దొరలు చేసుకున్న ఏర్పాటని నా అభిప్రాయం. ఈ తేడా కూడా చెప్పు, లేకపోతే బ్రిటిషువాళ్లు దయతో చేసినట్టు వినిపిస్తుంది.

ఆ తర్వాత 1959 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు రెగ్యులేషను, దానికి 1970లో జరిగిన సవరణ. మనమంతా వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. ఏజెన్సీలో గిరిజనేతరుడి పేర జరిగే ఏ బదలాయింపూ చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదే అయివుంటుందని చట్టం ముందుగానే అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది అతనే. ఈ రెండో ముక్క దగ్గర కాస్త ఆగు. సభలో రిటైరైన లాయర్లుంటే వాళ్లు ముందుకు వంగి వినేది ఇక్కడే. ఆపైన 1997 జూలైలో వచ్చిన సమత తీర్పు. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద నడిచిన కేసది. ఆ రెగ్యులేషనులో ‘వ్యక్తి’ అంటే ప్రభుత్వం కూడా అని, షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు తన భూమినైనా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టాలు చెప్పి ఊరుకుంటే మాత్రం సగం అబద్ధం చెప్పినట్టే. కాగితం మీద భూమి మనదే, పంట ఎవరిదో చూడాలి. జీడిమామిడి పూత దశలోనే పెట్టుబడికనో ఆసుపత్రి ఖర్చుకనో షావుకారు దగ్గర డబ్బు తీసుకుంటారు, కాపు తోటలో ఉండగానే అతనిదవుతుంది. రికార్డులో పేరు మారదు, కాబట్టి ఏ చట్టమూ అడ్డురాదు. చింతపండు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. మీ అమ్మ గంప నెత్తిన పెట్టుకుని కొండ దిగి వస్తుంటే సంత ఇంకా కనపడకముందే, రోడ్డు మలుపు దగ్గర నిలబడ్డ మనిషి గంప మీద చెయ్యి వేస్తాడు. బేరం లేదు, తూకం లేదు. ఆ చెయ్యి పడిందంటే సరుకు అతనిదని అర్థం, ఎందుకంటే కిందటి వానల్లో ఉప్పూ బియ్యం అతని కొట్లోనే అరువు తెచ్చారు. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టిందే ఈ చెయ్యి తప్పించడానికి. కొంత తప్పించింది, పూర్తిగా కాదు. ఈ గంప ముచ్చట నీ నోటితో, తొందరపడకుండా, నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. దీనికి స్లైడు వద్దు.

సీతారామరాజుని వదలమనడంలేదు, కథ మొత్తం వద్దంటున్నాను. 1882 అటవీ చట్టం పోడు సేద్యానికి అడ్డం రావడం, గూడెం రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టడం, వీటివల్లే రాజు మనుషులు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీదికి వెళ్లారని చెబితే చాలు. మన ఊరి ముక్క ఒకటి కలుపు. అక్టోబరు 15న రాజు అడ్డతీగల వస్తున్నానని ముందే కబురుపెట్టి మరీ వచ్చాడు. స్టేషనులో ఆయుధాలు దొరకలేదు, ముందే దాటించేశారు. దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయిన సంగతి దాచకు. ముందు నడుస్తున్న మనవాళ్లను పోనిచ్చి వెనకున్న అధికారులనే కొట్టారు. సభలో ఇంగ్లీషువాళ్లు ఉంటే ఉండనీ. ఆ ఇద్దరి పేర్లూ చెప్పు, గొంతులో గెలుపు మాత్రం వినిపించనివ్వకు.

ఇంకొకటి. డి.హెచ్. లారెన్స్ 1923 వేసవిలో చపాలాలో ఇల్లు అద్దెకు తీసుకుని తన మెక్సికో నవల మొదటి ప్రతి రాశాడు. అక్కడివాళ్లకి అది గొప్ప. ఆయన ఆ సరస్సు ఒడ్డున రాసుకుంటున్న నెలల్లోనే ఇక్కడ మన్యమంతా పోలీసు పటాలాలు తిరుగుతున్నాయి. ఈ మాట ఒక్క వాక్యంలో అనేసి ముందుకు పో. సాగదీస్తే పాండిత్యం చూపించుకున్నట్టుంటుంది.

ఇక మాట్లాడే తీరు. కాగితం చూసి చదవకు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కాలిఫోర్నియాలో ఒహాయి ఓకు చెట్ల కింద, స్విట్జర్లాండులో సానెన్ డేరాలో ఏళ్ల తరబడి ఇంగ్లీషులోనే మాట్లాడాడు. మామూలు కుర్చీలో కూర్చునేవాడు, చేతిలో కాగితం ఉండేది కాదు. ఆయన్ని అనుకరించమనను, అది ఎవరివల్లా కాదు. కానీ వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగేవాడు చూడు, అది నేర్చుకో. నీ సభలో చాలామంది డెబ్బై దాటినవాళ్లు, వినికిడి తక్కువవాళ్లూ ఉంటారు. ఆఫీసు ఫోనుకాల్లో మాట్లాడే వేగం అక్కడ పనికిరాదు. యాస మార్చుకోవద్దు. నీ ఇంగ్లీషు అడ్డతీగల హైస్కూల్లో మొదలైంది, అలాగే ఉండనీ.

ప్రశ్నల దగ్గరే అసలు పరీక్ష. “మీవాళ్లు ఇంకా వేటాడతారా?” అని ఒకరు తప్పకుండా అడుగుతారు. కోపం తెచ్చుకోకు, నవ్వి దాటేయకు. తెలిసింది చెప్పి, మళ్లీ పోడు దగ్గరికి తీసుకురా. “మేం ఇక్కడ భూమి కొనడం తప్పంటారా?” అని ఎవరైనా అడిగితే మాత్రం తీర్పు చెప్పకు. అహిహిక్‌లో అద్దెలు పెరిగి ఊరివాళ్లు ఎక్కడికి జరిగారో వాళ్లనే అడుగు. జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది, కావాలంటే వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు, నువ్వు నీళ్లు తాగు. సభలో మెక్సికోవాళ్లు ఉంటే ఈ ప్రశ్న వాళ్లవైపు తిప్పడం ఇంకా మంచిది. ఎహీదో గురించి నాకన్నా, నీకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు.

చూపించడానికి ఏదైనా కావాలన్నావు కదా. మీ నాన్న దగ్గరికి మనిషిని పంపాను, అటవీ హక్కుల పట్టా జిరాక్సు తీసి ఫోటో పెడతాను. 2006 చట్టం ప్రకారం అది వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి లేదు, భార్యాభర్తలిద్దరి పేరూ ఉండాలి. హద్దులు రాసిన భాగం మాత్రమే తెర మీద పెట్టు, పేర్లూ నంబర్లూ కనపడకుండా కప్పేయి. మాట్లాడబోయేది ముందు తెలుగులో రాసి నాకు పంపు. ఇంగ్లీషు తర్వాత చూద్దాం.

ఇట్లు
మీ మాస్టారు