మౌంటు కలిస్తే సరిపోదు

గుత్తి కోట నీడలో ఫొటోలు తీస్తూ నలభై ఏళ్లు గడిపాను. రీలు కాలం నుంచి మిర్రర్‌లెస్ దాకా అన్నీ చేతిలో ఆడించాను. ఇప్పుడు కెమెరా కొనబోయే పిల్లలు మెగాపిక్సెళ్లు ఎన్నని అడుగుతారు. సెన్సారెంత, లెన్సును బాడీకి బిగించే మౌంటేది అని అడగరు. ఈ నాలుగు మాటలు వాళ్ల కోసమే.

1. సెన్సారును మిల్లీమీటర్లలో అడగండి. పాత రీలు మీద ఒక్కో గడి 36×24. అంతే ఉన్న సెన్సారు ఫుల్ ఫ్రేమ్. ఏపీఎస్-సీ నికాన్‌లో సుమారు 23.5×15.6, కెనాన్‌లో 22.3×14.9. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13. ఒక అంగుళం సెన్సారు అంటే అంగుళం ఉంటుందనుకోవద్దు, అది 13.2×8.8 మాత్రమే. పాత టీవీ కెమెరాల గాజు గొట్టాల బయటి కొలతను బట్టి వచ్చిన పేరది.

2. నేను డిజిటల్‌కు మారిన కొత్తలో మాకు బాగా తెలిసినవాళ్ల ఇంట్లో పెళ్లి. నడవ ఇరుకు. రీలు రోజుల్లో అదే నడవలో గోడకు వీపు ఆనించి, 28 ఎం.ఎం. లెన్సుతో ఇంటిల్లిపాదినీ పట్టేవాణ్ణి. అదే గోడ, అదే లెన్సు. కానీ ఈసారి అంచున కూర్చున్న అవ్వ సగమే పడింది. ఫొటో చూసి "నన్ను తీసేస్తివే నాయనా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

జరిగిందేమిటంటే, లెన్సు మారలేదు, అది లోపల వేసే గుండ్రటి బొమ్మా మారలేదు. నా ఏపీఎస్-సీ సెన్సారు అందులో నడిమి ముక్కనే తీసుకుంది. రీలు గడి వెడల్పు ఆ సెన్సారుకు సుమారు ఒకటిన్నర రెట్లు కాబట్టి, 28ని 1.5తో హెచ్చవేస్తే 42. అంత ఇరుకైపోయింది చూపు. కోట మీద తిరిగే గద్దల కోసం 300 లెన్సు కొని, అది 450 అయిందని సంబరపడేవాళ్లకూ ఇదే చెబుతాను. గద్ద దగ్గరికి రాలేదు, చుట్టూ ఉన్న ఆకాశం తెగిపోయింది, అంతే.

3. చిన్న సెన్సారు కోసం చేసిన లెన్సు చిన్న గుండ్రమే వేస్తుంది. పెద్ద సెన్సారు మీద మూలలు నల్లబడతాయి. ఏపీఎస్-సీ కోసం చేసిన నికాన్ డీఎక్స్ లెన్సును ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ బాడీకి పెడితే కెమెరా తానే నడిమి భాగానికి కుదించుకుంటుంది. అలాంటిదే కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్సు, ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు ఎక్కనే ఎక్కదు. బలవంతం చేయకండి.

4. గుంతకల్లులో మీటర్ గేజీ, బ్రాడ్ గేజీ రెండూ ఉన్న రోజులు మా తరానికి గుర్తే. 1000 మిల్లీమీటర్ల పట్టాల బండి 1676 పట్టాల మీద నడవదు. లెన్సుకూ అలాంటి లెక్క ఉంది: మౌంటు అంచు నుంచి సెన్సారు దాకా ఉండే దూరం. నికాన్ ఎఫ్ మౌంటుకు అది 46.5, 1959 నుంచీ అంతే. కెనాన్ ఈఎఫ్‌కు 44. ఆ రెండున్నర మిల్లీమీటర్ల సందులో పల్చటి అడాప్టరు పడుతుంది కాబట్టి నికాన్ లెన్సు కెనాన్ బాడీ మీద పనిచేస్తుంది. కెనాన్ లెన్సును నికాన్ బాడీకి పెడితే మాత్రం లెన్సు ముందుకు జరిగిపోతుంది. దగ్గర్లోని పువ్వు తేటగా పడుతుంది, దూరంలోని కోట మాత్రం ఎంత తిప్పినా మసకే.

మిర్రర్‌లెస్‌లో అద్దం పోయాక ఈ దూరం బాగా తగ్గింది. సోనీ ఈ 18, కెనాన్ ఆర్ఎఫ్ 20, నికాన్ జెడ్ 16. అంటే పాత ఎస్ఎల్ఆర్ లెన్సులకు అడాప్టరు పట్టేంత జాగా దొరికింది. మీ నాన్న బీరువాలో దాచిన లెన్సును తూకానికి వేయకండి.

5. ఎక్కడం వేరు, బాడీతో మాట్లాడటం వేరు. నికాన్ ఏఎఫ్-డీ లెన్సులో ఫోకస్ మోటారు ఉండదు, బాడీలో ఉండాలి. డీ3000, డీ5000 వరుసల్లో అది లేదు. చేత్తోనే తిప్పుకోవాలి. ఈ సంగతి తలంబ్రాల వేళ తెలిసి లాభం లేదు.

6. ఆషాఢం గాలిలో, ఈ ఎర్రదుమ్ములో, ఆరుబయట లెన్సు మార్చకండి. తప్పకపోతే బాడీ మూతిని కిందికి వంచి మార్చండి.

7. సెకండ్‌హ్యాండ్ లెన్సు కొనేటప్పుడు మీ బాడీ వెంట తీసుకెళ్లండి. అంగడి బయటికొచ్చి, దూరాన కనబడే గుట్టకో, నీళ్ల ట్యాంకుకో ఫోకస్ పెట్టండి. నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. అప్పుడు డబ్బివ్వండి.