మందు వెనుక మెలకువ

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని తెలుగువారి సామెత. మేలు కోసం ఇచ్చిన మందే కీడు చేయగలదన్న అనుభవసత్యం ఆ చిన్న మాటలో ఇమిడి ఉంది. శరీరంలో మార్పు తేగల శక్తి ఉన్నందువల్లనే ఒక పదార్థం ఔషధమవుతుంది. మోతాదు మించినా, మనిషి మారినా, వేళ తప్పినా ఆ శక్తే హాని కలిగిస్తుంది. అన్నీ సక్రమంగా జరిగినప్పుడు కూడ కొందరి శరీరతత్వానికి కొన్ని మందులు సరిపడవు. వైద్యుడు మందును నిర్ణయిస్తాడు. ఫార్మసిస్టు దానిని అందజేస్తాడు. కాని ఆసుపత్రిలో ఆ మందు రోగి శరీరంలో ప్రవేశించే చివరి క్షణంలో పక్కన ఉండేది, ఆ తరువాత కలిగే మార్పులను గంటగంటకూ గమనించేది నర్సు. అంతకుముందు జరిగిన పొరపాటును ఆపగల చివరి అవకాశం కూడ తరచుగా నర్సు చేతిలోనే ఉంటుంది.

క్రిమియా యుద్ధకాలంలో, 1854లో, స్కుటారి సైనిక వైద్యశాలకు వెళ్లి క్షతగాత్రులకు సేవలందించిన ఫ్లారెన్స్ నైటింగేల్ నర్సింగును ఒక విద్యగా తీర్చిదిద్దింది. రోగిని ఎలా పరిశీలించాలన్న విషయానికి ఆమె తన గ్రంథంలో ఒక అధ్యాయాన్నే కేటాయించింది. జాలిగుండె ఒక్కటే చాలదు, చూసే కన్ను కూడ కావాలన్నది నాటి నుంచి ఈ వృత్తికి పునాది.

మందు ఇచ్చేటప్పుడు పాటించవలసిన అయిదు సూత్రాలను నర్సింగు విద్యార్థులు మొదటి సంవత్సరంలోనే నేర్చుకుంటారు. సరైన రోగికి, సరైన మందును, సరైన మోతాదులో, సరైన మార్గంలో, సరైన సమయంలో ఇవ్వాలి. వినడానికి ఇవి సులభమైనవే. కాని ఒకే వార్డులో ఒకే పేరు గల రోగులు ఇద్దరుండవచ్చు. రెండు మందుల పేర్లు ఒకే విధంగా ధ్వనించవచ్చు. కాబట్టి మంచం సంఖ్యను నమ్మక, రోగి చేతనే పేరు చెప్పించుకోవాలి. సీసాపై చీటీని మరల చదవాలి. ఇచ్చిన వెంటనే నమోదు చేయాలి. ప్రమాదకరమైన మందులను మరొక నర్సు చేత కూడ సరిచూపించాలి.

ఇన్సులిన్ ఇందుకు మంచి ఉదాహరణ. మన దేశంలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే ఇన్సులిన్, 100 యూనిట్లు ఉండే ఇన్సులిన్ రెండూ లభిస్తాయి. మొదటిదానికి ఎర్రమూత సిరంజిని, రెండవదానికి నారింజరంగు మూత సిరంజిని వాడాలి. 100 యూనిట్ల రకాన్ని ఎర్రమూత సిరంజిలో 20వ గీత వరకు నింపితే, రోగికి అందేది 20 యూనిట్లు కాదు, 50 యూనిట్లు. రక్తంలో చక్కెర వేగంగా పడిపోయి, చెమటలు, వణుకు, తికమక కలిగి, చివరకు రోగి స్పృహ కోల్పోవచ్చు. మూత రంగు గమనించకపోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

మందు ఇవ్వడంతో బాధ్యత తీరదు. గుండెజబ్బుకు వాడే డిగాక్సిన్ ఇచ్చే ముందు నర్సు గుండె స్పందనలను పూర్తిగా ఒక నిమిషం పాటు లెక్కిస్తుంది. పెద్దవారిలో అవి 60 కంటె తక్కువగా ఉంటే మందును నిలిపి వైద్యునికి తెలుపుతుంది. నొప్పి తగ్గడానికి మార్ఫిన్ ఇచ్చినప్పుడు శ్వాస మందగిస్తున్నదేమో చూస్తుంది. పెన్సిలిన్ సూది వేసిన తరువాత దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం కనిపిస్తే క్షణమైనా ఆలస్యం చేయరాదు. అడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి. మార్పులన్నీ ప్రమాదకరమైనవి కావు. క్షయరోగి వాడే రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజరంగుకు మారుతుంది; దానికి భయపడి మందు మానరాదు. అదే రోగి ఇథాంబుటాల్ వాడుతూ చూపు మసకబారిందని చెబితే మాత్రం వెంటనే వైద్యునికి తెలియజేయాలి. ఏది సహజమో, ఏది అపాయ సూచనో వేరుచేయగల జ్ఞానమే నర్సింగులో కీలకం.

ఈ విషయంలో తెలుగువారితో ముడిపడిన ఒక మందును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో ఫోలిక్ ఆమ్లంపైన, దాని చర్యను అడ్డగించే పదార్థాలపైన పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆ కృషి నుంచి వెలువడినదే మెథోట్రెక్సేట్. దీనిని కాన్సరుకే గాక, కీళ్లవాతానికి తక్కువ మోతాదులో వారానికి ఒక్కసారి మాత్రమే వాడతారు. రోజూ వేసుకునే మాత్ర అని పొరబడి వాడినందువల్ల మరణాలు సంభవించినట్లు వివిధ దేశాల వైద్య నివేదికలలో నమోదైంది. అందుకే ఏ వారంనాడు వేసుకోవాలో నర్సు రోగితో పైకి చెప్పిస్తుంది. నోటిపూత, జ్వరం, అకారణ రక్తస్రావం కనిపించాయా అని అడుగుతుంది. రక్తపరీక్షలు సకాలంలో జరిగేటట్లు చూస్తుంది.

గమనించినదానిని తెలియజేయకపోతే ఏమవుతుందో థాలిడోమైడ్ చరిత్ర చెబుతుంది. పశ్చిమ జర్మనీలో 1957లో విక్రయానికి వచ్చిన ఆ నిద్రమందును గర్భిణులు వేవిళ్లకు కూడ వాడారు. 1961లో దానిని అక్కడ ఉపసంహరించేనాటికే వేలాది శిశువులు అవయవలోపాలతో జన్మించారు. ఆధారాలు చాలవని అనుమతిని నిలిపివేసిన ఫ్రాన్సిస్ కెల్సీ పట్టుదల వల్ల అమెరికాలో ఆ విషాదం చాలవరకు తప్పింది. ఈ అనుభవంతోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో ఔషధాల దుష్ఫలితాల పర్యవేక్షణకు అంతర్జాతీయ కార్యక్రమాన్ని ఆరంభించింది. మన దేశంలో ఇటువంటి జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది. 2011 నుంచి ఘాజియాబాద్‌లోని భారత ఔషధ సంహితా సంఘం దానిని నిర్వహిస్తున్నది. వైద్యులే కాక నర్సులు, రోగులు కూడ దుష్ఫలితాలను నివేదించవచ్చు.

అయితే పొరపాటును బయటపెట్టినవారిని నిందించే చోట ఎవరూ నోరు విప్పరు. దాచిన తప్పు మరొక వార్డులో మరొకరి చేత మళ్లీ జరుగుతుంది. పలచన చేయని గాఢ పొటాషియం క్లోరైడును నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. జాగ్రత్త వహించండని పదేపదే హెచ్చరించడం కంటె, ఆ సీసాలను వార్డు అల్మరాలో ఉంచక వేరుగా భద్రపరచడం ఎక్కువ ఫలితమిస్తుంది. రాత్రి విధుల అలసట, రోగుల రద్దీ, మందు కలిపే వేళ కలిగే అంతరాయాలు కూడ తప్పులకు కారణాలే. వ్యక్తిని శిక్షించడంతో సరిపెట్టక, పరిస్థితిని సరిదిద్దడం వివేకం.

రోగికీ, బంధువులకూ ఇందులో పాత్ర ఉంది. పూర్వం పడని మందు ఏదో, ఇంటివద్ద వాడుతున్నవి ఏవో దాచకుండా చెప్పాలి. ఇచ్చే మందు ఎందుకో అడిగి తెలుసుకోవాలి. ఆ ప్రశ్నను విసుగుకోక విని, సమాధానం చెప్పే నర్సు రోగిని కాపాడడమే కాక, తనను కూడ పొరపాటు నుంచి కాపాడుకుంటుంది.

ప్రశ్నలు

1. మందు ఇచ్చేటప్పుడు పాటించవలసిన అయిదు సూత్రాలను వివరించండి.
2. మెథోట్రెక్సేట్ విషయంలో నర్సు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?
3. "దాచిన తప్పు మరొకరి చేత మళ్లీ జరుగుతుంది" - ఈ వాక్యాన్ని సమర్థిస్తూ రాయండి.