పాత బండి ట్యాంకుకు తుప్పు పట్టకుండా...

వి.కోట ప్రాంతంలో చిన్న రైతుకు మోటారు సైకిల్ షోకు వస్తువు కాదు. తెల్లవారగానే పాలు పోసి రావాలన్నా, టమోటాలు మార్కెట్‌కు చేర్చాలన్నా, మల్బరీ తోట నుంచి ఆకు మోపు తేవాలన్నా బండే దిక్కు. రాజ్‌దూత్, యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100, టీవీఎస్ 50 లాంటి పాత బళ్లు ఉన్నవారు ఇప్పుడు పెట్రోలు ట్యాంకు విషయంలో కొంచెం ఎక్కువ జాగ్రత్త పడాలి. పెట్రోలు మారింది మరి.

పెట్రోలులో ఏం కలుస్తోంది?

చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసే ఎథనాల్ అనే స్పిరిట్‌ను పెట్రోలులో కలుపుతున్నారు. 2022 జూన్ నాటికి ఇది 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో 20 శాతం కలిపిన పెట్రోలును ప్రారంభించారు. 2025లో దేశమంతా ఆ స్థాయికి వచ్చింది. రైతు పంటకు గిరాకీ తెచ్చే వస్తువే, కాదనలేం. కానీ పాత బళ్ల ట్యాంకులు, రబ్బరు గొట్టాలు దీన్ని దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు.

నష్టం ఎలా జరుగుతుంది?

ఎథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి ఎక్కువ, తేమా ఎక్కువ. వానాకాలంలో, మంచు కురిసే చలికాలంలో బండిని చెట్టు కింద వదిలేస్తే ఇంకా చేటు. నీరు హద్దు దాటితే ఎథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున చేరతాయి. తుప్పు అక్కడే మొదలవుతుంది. ఎథనాల్ పాత జిగురునూ కరిగిస్తుంది. ఆ మడ్డి, తుప్పు పొట్టు కార్బురేటరులో అడ్డం పడి బండి మొరాయిస్తుంది. ఆయిల్ కలిపి వాడే టూ స్ట్రోక్ బళ్లకు, స్ప్రేయర్లకు మరో ప్రమాదం ఉంది. ఆయిల్ పై పెట్రోలులోనే ఉండిపోతుంది. అడుగు పొర ఇంజనులోకి పోతే ఆయిల్ అందక పిస్టను పట్టేస్తుంది.

ఇలా పరీక్షించండి

ట్యాంకు కొళాయి నుంచి కొంచెం పెట్రోలును గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీరు చేరినట్టే. ఎర్రటి పొడి దిగితే తుప్పు పట్టినట్టే.

తుప్పు వదిలించే పద్ధతి

1. ఆరుబయట, బీడీకి, నిప్పుకు దూరంగా పెట్రోలు మొత్తం తీసేయాలి. ట్యాంకు విప్పి, కొళాయి తీసి, ఆ రంధ్రాన్ని బిరడాతో మూయాలి.
2. సబ్బు నీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి.
3. లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు చొప్పున కలిపి ట్యాంకు నిండా పోసి రాత్రంతా ఉంచాలి. రంగు మీద ఒలకనీయరాదు.
4. పారబోసి, వంట సోడా కలిపిన నీళ్లతో, తర్వాత మంచి నీళ్లతో కడగాలి. ఈ నీటిని పశువులు తాగేచోట, పొలం కాలువలో పోయరాదు.
5. ఎండలో పూర్తిగా ఆరబెట్టి, వెంటనే కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి లోపలంతా తిప్పాలి. ఆలస్యమైతే మళ్లీ తుప్పు పడుతుంది.

బాత్రూం యాసిడ్ వాడకండి. రేకును తినేస్తుంది.

ఇవి మరవకండి

వారాల తరబడి బండి తీయకపోతే పెట్రోలు తీసేసి ఆయిల్ పూత వేయండి. రోజూ వాడే బండికి ట్యాంకు వీలైనంత నిండుగా ఉంచండి. మూత వాషరు పాతదైతే మార్చండి. ఉబ్బిన, పగిలిన పెట్రోలు పైపు మంటలకు దారి తీస్తుంది. ఎథనాల్‌కు తట్టుకునే పైపే అడిగి తీసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం: చిల్లు పడ్డ ట్యాంకును 'ఖాళీయే కదా' అని నేరుగా వెల్డింగుకు ఇవ్వకండి. పెట్రోలు లేకున్నా లోపలి ఆవిరి నిప్పు రవ్వకు బాంబులా పేలుతుంది. ఈ పని తెలిసిన మెకానిక్‌కే అప్పగించండి, లేదా మంచి ట్యాంకు చూసుకొని మార్చండి. ట్యాంకు మళ్లీ కొనుక్కోవచ్చు, ప్రాణం కొనలేం కదా!