నేల మీద అక్షరం, గాలిలో పిట్ట



చైనా లిపిలో మనకున్నట్టు అచ్చులు, హల్లులు, గుణింతాలు లేవు. ఒక్కో గుర్తుకు ఒక్కో అర్థం ఉంటుంది. పూర్వం వాటిలో చాలా గుర్తులు బొమ్మల్లాగే ఉండేవి. ఆ గుర్తులతోనే శిల్పాలు చేసిన షు బింగ్ అనే కళాకారుని గురించి నేను చదివి తెలుసుకున్నది రాస్తున్నాను.

ఈయన 1955లో చోంగ్‌చింగ్ నగరంలో పుట్టి, బీజింగ్‌లో పెరిగారు. ఆయన చిన్నతనంలోనే ప్రభుత్వం లిపిని సులభం చేసింది. పక్షికి పాత గుర్తులో 11 గీతలుంటే, కొత్త గుర్తులో 5 గీతలే. 1974లో ఆయన్ని పల్లెకు పంపితే మూడేళ్ళు అక్కడే ఉన్నారు. 1977లో బీజింగ్ కళాశాలలో చేరి చెక్క మీద అచ్చులు చెక్కడం నేర్చారు. 1990లో అమెరికా వెళ్ళారు. 2008లో తిరిగొచ్చి, తాను చదివిన కళాశాలకే ఉపాధ్యక్షులయ్యారు.

2001లో వాషింగ్టన్‌లోని శాక్లర్ గ్యాలరీలో ఆయన ఏం చేశారంటే, నిఘంటువులో పక్షికి ఇచ్చిన అర్థాన్ని కొత్త లిపిలో నేల మీద పరిచారు. అక్కడి నుంచి అక్షరాలు లేచి, దారాలకు వేలాడుతూ పైపైకి పోతాయి. పోయేకొద్దీ కొత్త గుర్తు పాత గుర్తవుతుంది, పాత గుర్తు ఇంకా పాతదై చివరికి అచ్చం పిట్ట బొమ్మే అవుతుంది. దీని పేరు 'సజీవ పదం'.

అక్కడే ఇంకో శిల్పం ఉంది. చైనాలో ఒక కథ చెబుతారు. కోతులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని చెట్టు నుంచి వేలాడి, నీళ్ళలో కనబడే చంద్రుణ్ణి అందుకోబోయాయట. ముట్టగానే చంద్రుడు చెదిరిపోయాడు! షు బింగ్ గారు 21 చెక్క ముక్కలను గొలుసులా వేలాడదీశారు. ఒక్కో ముక్క 'కోతి' అనే మాటే. ఉర్దూతో సహా రకరకాల భాషల్లో ఉంటుంది.

దీని వెనక చాన్ బౌద్ధం ఉంది. మన 'ధ్యానం' అనే మాటే చైనాకు పోయి 'చాన్' అయ్యింది. మాటను పట్టుకుంటే చాలదు, మాట చూపించే వస్తువును చూడాలని ఆ బౌద్ధం చెబుతుంది. మాట నీళ్ళలో చంద్రుడి లాంటిది.

ఇది మనకెందుకు అంటారా? జవాబు బట్టీపట్టి ఒప్పజెబితే అక్షరం నేల మీదే ఉండిపోతుంది. అర్థమైతేనే ఎగురుతుంది. ఇంకో సంగతి. మనలో చాలామందికి ఇంటి భాష వేరు, పుస్తకం భాష వేరు. ఇంటి మాట పలికితే కొందరు నవ్వుతారు. కానీ ఆ గొలుసులో ఏ భాష కోతి జారిపోయినా కింద కోతులన్నీ నీళ్ళలో పడతాయి కదా!

ఈ కాగితం అడుగున జాగా వదిలాను. మీ ఇంటి భాషలో కోతిని ఏమంటారో ఒకరి కింద ఒకరు రాయండి. వార్డెన్ సార్లు కూడా రాయాలని మనవి.

— తొమ్మిదో తరగతి విద్యార్థి