ఎవరూ పంపకుండానే యుద్ధానికి వెళ్ళిన విలేకరి: కేథరిన్ లెరువా

యుద్ధ వార్తలను మనం పత్రికల్లో చదువుతాం, టీవీలో చూస్తాం. వాటిని అక్కడి నుంచి పంపేది ఎవరు? కొందరు పెద్ద సంస్థల ఉద్యోగులు. వారికి జీతం, బీమా, ఆపద వస్తే ఆదుకునే ఆఫీసు ఉంటాయి. ఇంకొందరు ఫ్రీలాన్సర్లు, అంటే ఏ సంస్థలోనూ ఉద్యోగం లేకుండా సొంతంగా పనిచేసేవారు. వారి ఫొటోను, కథనాన్ని ఎవరైనా కొంటేనే డబ్బు. అటువంటి వారిలో తప్పక తెలుసుకోవలసిన వ్యక్తి ఫ్రాన్స్ దేశస్థురాలు కేథరిన్ లెరువా.

సైగాన్ ప్రయాణం

ఆమె 1944లో పారిస్ శివారులో పుట్టింది. పత్రికల్లో వచ్చే యుద్ధ ఫొటోలు ఆమెను ఆకర్షించాయి. 1966లో, 21 ఏళ్ళ వయసులో, ఒక లైకా కెమెరా, కొద్దిపాటి డబ్బు, వెళ్ళడానికి మాత్రమే సరిపోయే టికెట్టుతో వియత్నాం చేరింది. అప్పటికి ఆమె ఫొటో ఒక్కటీ అచ్చు కాలేదు. సైగాన్‌లో అసోసియేటెడ్ ప్రెస్ ఫొటో విభాగం చూస్తున్న హోర్స్ట్ ఫాస్‌ను కలిసింది. తీసుకున్న ఒక్కో ఫొటోకు 15 డాలర్లు ఇస్తామన్నారు. అదే ఆమె బతుకుతెరువు.

ఆమె ఎత్తు ఐదడుగులు, బరువు 40 కిలోల లోపే. సైన్యం ఇచ్చే విలేకరి కార్డుతో హెలికాప్టర్లలో వెళ్ళవచ్చు. సైనికుల మధ్య ఉంటే తిండికి, పడకకు ఖర్చు ఉండదు. అందుకే వారాల తరబడి వారితోనే గడిపేది. ఆమె ఫొటోల్లో సైనికుడి ముఖం అంత దగ్గరగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

ముందు వరుసలో

1967 ఫిబ్రవరిలో అమెరికా పారాట్రూపర్లతో కలిసి యుద్ధరంగంలోకి పారాచూట్‌తో దూకింది. ఆ తర్వాత ఖేసాన్ దగ్గర 881వ కొండపై పోరాటంలో మూడు ఫొటోలు తీసింది. వెర్నన్ వైక్ అనే సైనిక వైద్య సహాయకుడు నేలకొరిగిన మిత్రుడి గుండెపై చెవి ఆనిస్తాడు. అతను చనిపోయాడని గ్రహించి తల పైకెత్తుతాడు. యుద్ధమంటే ఏమిటో ఆ ముఖమే చెబుతుంది.

అదే సంవత్సరం మే నెలలో మోర్టారు పేలి ఆమె తీవ్రంగా గాయపడింది. కోలుకుని మళ్ళీ పనిలోకి దిగింది. 1968 ఫిబ్రవరిలో హ్యూ నగరంలో ఉత్తర వియత్నాం సైనికులు ఆమెను పట్టుకున్నారు. తాను ఫ్రెంచి విలేకరినని నచ్చజెప్పి, వారి ఫొటోలే తీసుకుని బయటపడింది. అవి 'లైఫ్' పత్రికలో ముఖచిత్రంతో సహా వచ్చాయి. శత్రువు అని పిలవబడుతున్నవారికీ ముఖం ఉంటుందని అమెరికా పాఠకులు చూశారు.

1967కు జార్జ్ పోల్క్ అవార్డు, తర్వాత లెబనాన్ ఫొటోలకు 1976 రాబర్ట్ కాపా స్వర్ణ పతకం ఆమెకు లభించాయి. కాపా పతకం పొందిన తొలి మహిళ ఆమే. చివరి రోజుల్లో మాత్రం అమెరికాలో పాతకాలపు దుస్తుల వ్యాపారం చేసుకుంటూ, 2006లో క్యాన్సర్‌తో మరణించింది.

మనం గ్రహించవలసినది

మిత్రులారా, మనలో చాలామందిమి మన ఇళ్ళలో తొలి డిగ్రీ చదువుతున్నవాళ్ళం. ఇష్టమైన పనా, నెల జీతమా అన్న ప్రశ్న మనకు తేలిక కాదు. ఇంటికి పంపవలసిన డబ్బు ముందు గుర్తొస్తుంది. కాబట్టి అన్నీ వదిలి ఆమెలా వెళ్ళిపొమ్మని మేము చెప్పడం లేదు. సిఫారసు లేనివారికి తలుపు తెరిచేది చేసి చూపించిన పనే అని ఆమె జీవితం చెబుతోంది. అయితే ధైర్యం ఒక్కటే చాలదని కూడా అదే జీవితం చెబుతోంది.

2014లో సిరియాలో ఫ్రీలాన్స్ విలేకరి జేమ్స్ ఫోలీ హత్యకు గురయ్యాడు. 2015లో కొన్ని వార్తా సంస్థలు, పాత్రికేయ సంఘాలు కలిసి భద్రతా సూత్రాలు ప్రకటించాయి. ఫ్రీలాన్సర్ క్షేమాన్ని కూడా ఉద్యోగి క్షేమంలాగే చూడాలన్నది వాటిలో ముఖ్యమైనది. రేపు మనం ఏ రంగంలోకి వెళ్ళినా పని నేర్చుకుందాం. దానితోపాటు ఆ పనికి తగిన కూలి, రక్షణ అడగడం కూడా నేర్చుకుందాం.