మనకు నచ్చిన పాట, సంఘము పాడు పాట

చదువవలసిన వాక్యభాగములు: కొలొస్సయులకు 3:12–17, 1 కొరింథీయులకు 14:15, 26, రోమీయులకు 15:1–3, కీర్తన 137



క్రిస్మసు వచ్చుచున్నదనగా మన పల్లెల పిల్లలు హైదరాబాదు నుండి ఇండ్లకు చేరుచుందురు. వారిలో అనేకులు మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతములలో కంప్యూటరు ఉద్యోగములు చేయువారు. 1998వ సంవత్సరమున అక్కడ సైబర్ టవర్స్ అను మేడ ప్రారంభమైనప్పుడు చుట్టును రాతిగుట్టలే యుండెను. నేడు హైటెక్ సిటీ పేరు ఎరుగని పల్లె లేదు. అక్కడనుండి వచ్చు పిల్లలు తల్లికి చీర, తండ్రికి పంచె తెత్తురు; కొందరు భుజమున గిటారు కూడ తెత్తురు. ఆ గిటారుతోనే మన గుడిలో తగవు మొదలగును.

ఒక సంఘములో మేము కన్నులార చూచినదే చెప్పుచున్నాము. ఒక యౌవనుడు ఆరాధనలో క్రొత్త పాట ఎత్తుకొనెను. ఒక పెద్ద లేచి, “ఇది గుడియా, సినిమా హాలా?” అనెను. ఆ పిల్లవాడును ఊరకుండక, “మీ పాటలకు నిద్ర వస్తుంది తాతా” అనెను. అందరును నవ్విరి. మేమును నవ్వి, పెద్దాయన పక్షముననే రెండు మాటలు మాటలాడితిమి. సాయంకాలపు కూటమునకు ఆ యౌవనుడు రాలేదు. మరుసటి సంవత్సరము పండుగకును గుడి మెట్లెక్కలేదు. ఆ నవ్వు ఇప్పటికిని మా మనస్సులో ముల్లువలె నున్నది. కావున ఈ నెల పాఠమునకు ఈ సంగతినే తీసికొంటిమి.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మన పెద్దలందురు. చెవికిని అంతే. మాదాపూరులోని ఒక హాస్టలు గదిలో నలుగురు కుఱ్ఱవాండ్రుందురనుకొనుడి. ఒకనికి ఇళయరాజా పాటలు, ఒకనికి ఆంగ్లపు రాక్ సంగీతము, ఒకనికి తెలంగాణ జానపదములు, ఒకనికి తెలుగు క్రైస్తవ గీతములు ఇష్టము. ఎవని చెవిలో వాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కూర్చుండును గనుక అక్కడ తగవు లేదు. మన గుడిలో ఇయర్‌ఫోన్లు లేవు. ఒకే పాట అందరి నోట రావలెను గనుకనే రుచులు ఒకదానితో నొకటి ఢీకొనుచున్నవి.

అపొస్తలుడైన పౌలు కొలొస్సయులకు వ్రాయుచు ఒక్క విధమైన పాటనే పేర్కొనలేదు. మూడు విధములను చెప్పెను. ఆ మూటికిని భేదమేమో పండితులు చాల వ్రాసిరి. దానిని వారికే విడుతము. ఆ పాటలచేత విశ్వాసులు ఒకరికొకరు బోధించుకొనవలెనని ఆయన చెప్పుటయే మనకు ముఖ్యము. పాట దేవునికి చెల్లునదే, సందేహము లేదు. గాని అది ప్రక్కనున్న సహోదరునికి కూడ అందవలసిన బోధయై యున్నది.

పాతపాటల పక్షముననున్న పెద్దలను ఒక మాట అడుగుదుము. మీరు ప్రాణమువలె చూచుకొను కీర్తన పుట్టినప్పుడు పాతదియా? పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరి గారు పల్లవి, అనుపల్లవి, చరణములతో మన దేశపు రాగతాళములలో క్రీస్తును పాడిరి. ఆ కాలమందు అది క్రొత్త పని. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో నేటికిని కీర్తనల తలమీద రాగము, తాళము అచ్చుపడి యుండును. (ఆ రాగము పేరు చదివి ఆ రాగములోనే పాడువారు మనలో ఎందరో, అది వేరు సంగతి!) అదే పుస్తకములో ఆంగ్ల బాణీలకు తెలుగు మాటలు కూర్చిన పాటలును కలవు. మన హార్మోనియము సంగతియో? అది ఐరోపాలో పుట్టి పందొమ్మిదవ శతాబ్దమున మన దేశమునకు వచ్చెను. మన గమకములు దానిమీద పలుకవని విమర్శించినవారుండిరి. ఆకాశవాణి 1940లో దానిని నిషేధించి, 1971 వరకు ఆ కట్టడి సడలింపలేదు. నేడు కీబోర్డు నొల్లని తాతగారు ఆ హార్మోనియమునే ముద్దుగా తుడిచి గుడ్డ కప్పుచున్నారు.

కీర్తనల గ్రంథము తెరచి 22వ కీర్తన శీర్షిక చూడుడి. ఏ రాగముమీద పాడవలెనో దాని పేరు అక్కడ వ్రాయబడి యున్నది. ఆ పేరు మిగిలెను గాని ఆ రాగము లోకములో ఎవరికిని తెలియదు. సిలువమీద మన ప్రభువు నోట వచ్చినది ఆ కీర్తన మాటయే. బాణీ పోయెను, మాట నిలిచెను.

ఇక యౌవనులారా, మీతోను మాటలాడవలెను. మన సంఘములలో అక్షరము రాని అవ్వలున్నారు. వారు బైబిలు చదువలేరు. సృష్టి మొదలుకొని రెండవ రాకడవరకు వారు నేర్చినదంతయు కీర్తనలలోనే నేర్చిరి. మంచముపట్టిన అవ్వ యొద్దకు పోయి ఒక పల్లవి ఎత్తుకొనుడి. తన బిడ్డ పేరు మరచిన ఆమె చరణము తప్పక పాడును. అట్టివారి యెదుట నెలకొక క్రొత్త పాట తెచ్చి, స్పీకరు డబ్బాల మ్రోత పెంచినచో ఆమె నోరు మూతపడును. ఆమె చదివిన ఒకే బైబిలును మీరు మూసిన వారగుదురు. ఆత్మతోను మనస్సుతోను పాడుదునని పౌలు చెప్పెను గదా. మాట వినబడని పాటను మనస్సుతో పాడుట యెట్లు? ఆమోసు 5:23లో దేవుడు పాటల ధ్వనిని తొలగించుమని చెప్పిన మాట కూడ చదువుడి. అక్కడ ఆయనకు అసహ్యమైనది వాయిద్యము కాదు, న్యాయము లేని ప్రజల పాట. ఆ వచనమును గిటారుమీద విసరు పెద్దలు మరుసటి వచనమును కూడ చదువుట మేలు.

పల్లెలోని పెద్దలు ఎరుగని సంగతి మరియొకటి కలదు. అమెరికా వేళల ప్రకారము రాత్రియంతయు పనిచేసి, తెల్లవారుజామున గదికి వచ్చి, నిద్రపట్టక ఫోనులో ఒక క్రైస్తవ గీతము పెట్టుకొను బిడ్డలు అక్కడ ఉన్నారు. బబులోను నదుల యొద్ద కూర్చుండినవారు పరదేశములో యెహోవా పాట ఎట్లు పాడుదుమని ఏడ్చిరని 137వ కీర్తనలో చదువుచున్నాము. మీరు సినిమా పాట యని తోసివేసిన ఆ బాణీయే ఆ నగరములో మీ బిడ్డను ప్రభువు నొద్ద పట్టియుంచిన త్రాడు కావచ్చును.

రాజైన హిజ్కియా ఆరాధనను తిరిగి నిలిపినప్పుడు, తనకు రెండు వందల యేండ్లకు పైబడి ముందున్న దావీదు, ఆసాపుల మాటలనే లేవీయులచేత పాడించెను (2 దినవృత్తాంతములు 29:27–30). ఆ దినమున బూరలును వాయిద్యములును మ్రోగెను, ప్రజలందరు నమస్కరించిరి. పాతమాట నిలువవలెనన్నచో వాయిద్యము మూగబోవలెనని ఆయన తలంపలేదు.

గడచిన క్రిస్మసుకు మరియొక సంఘములో ఈ విధముగా చేసిరి. గచ్చిబౌలిలో పనిచేయు ఒక అమ్మాయి పండుగకు నాలుగు దినములు ముందే వచ్చి, ఒక అవ్వ యొద్ద కూర్చుండి కీర్తన నేర్చుకొనెను. అవ్వ పాడుచుండగా ఫోనులో పట్టుకొనెను. పండుగ ఉదయము అవ్వ పల్లవి ఎత్తుకొనగా, అమ్మాయి గిటారును మెల్లగా, గొంతుకు మించకుండ వాయించెను. తరువాత క్రొత్త పాట ఒకటి రెండు వరుసల చొప్పున చెప్పి అందరిచేత పాడించెను. అవ్వకు మాటలు పూర్తిగా రాలేదు గాని చప్పట్లతో తాళము వేసెను. తాళము కొంచెము తప్పినది. అమ్మాయియే తన గిటారును ఆ చప్పట్లకు సరిచేసికొనెను.