మొదట ఒక టీకా, తరువాత మరొక టీకా: వేయించుకొనవచ్చునా?

మన సంఘ కుటుంబములు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి గలదు. మొదట ఒక రకము టీకా వేయించుకొని, తరువాతి మోతాదుకు వేరొక రకము వేయించుకొనినచో ప్రమాదమా? ఈ ప్రశ్న మనకు ఊరక పుట్టినది కాదు. పని కొరకు షోలాపురము, భీవండి, సూరతు వంటి చోట్లకు పోవుట, పని లేనప్పుడు స్వగ్రామమునకు వచ్చుట మన వారికి అలవాటు. మొదటి సూది ఒక ఊరిలోను, రెండవది మరొక ఊరిలోను పడుచుండును. అందుచేత ఈ సంగతిని వివరముగా తెలిసికొందము.

టీకా చేయు పని

రోగక్రిమి యొక్క ఆనవాలును శరీరమునకు ముందుగా చూపుటయే టీకా పని. ఆ ఆనవాలు చూచిన శరీరము క్రిమిని ఎదిరించు పదార్థములను తయారుచేసికొనును, గుర్తును దాచుకొనును. కొన్ని టీకాల విషయములో కొంతకాలమునకు ఆ బలము తగ్గును. అప్పుడు మరల జ్ఞాపకము చేయుటకు వేయునదే బూస్టరు మోతాదు.

ఆనవాలు చూపు పద్ధతులు పెక్కు గలవు. కరోనా టీకాలనే తీసికొందము. హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌లో చంపబడిన కరోనా క్రిమి ఉండును. పూనాలో తయారైన కోవిషీల్డ్‌లో, హాని చేయలేని వేరొక క్రిమి, కరోనా క్రిమి ముల్లును తయారుచేయు సమాచారమును మోసికొని పోవును. హైదరాబాదులోనే తయారైన కోర్బెవాక్స్‌లో ఆ ముల్లులోని మాంసకృత్తు భాగము మాత్రమే ఉండును. మూడింటి దారులు వేరు. చూపు శత్రువు ఒక్కడే. కనుకనే ఒకటి మొదలుపెట్టిన పనిని మరొకటి కొనసాగించగలదు.

మోసికొనిపోవు క్రిమి గల టీకాలలో ఒక చిక్కు కూడ గలదు. శరీరము ఆ మోయు క్రిమినే గుర్తుపట్టి అడ్డగింపవచ్చును. అందుచేతనే రష్యావారు తమ స్పుత్నిక్ టీకా రెండు మోతాదులకు రెండు వేర్వేరు మోయు క్రిములను వాడిరి.

అనుభవములో తేలినది

ఇంగ్లండులో 2021లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు దీనిని పరీక్షించిరి. కోవిషీల్డ్ జాతికి చెందిన ఆస్ట్రాజెనెకా టీకా మొదట వేసి, నాలుగు వారములకు ఫైజరు టీకా వేసినవారిలో, రెండుసార్లు ఆస్ట్రాజెనెకాయే వేసినవారి కంటె ఎదిరించు పదార్థములు ఎక్కువగా కనిపించెను. కాని వరుస తిప్పి, ఫైజరు మొదట, ఆస్ట్రాజెనెకా తరువాత వేయగా అంత ఫలితము రాలేదు. అనగా కలుపుట ఒక్కటే చాలదు, వరుస కూడ ముఖ్యము. ఇది మనకు తెలియని సంగతి కాదు. నూలును పట్టును కలిపి నేసిన గుడ్డను ఎవరును తప్పుపట్టరు. కాని పడుగు బిగువుకు ఆగునది ఏదో, పేకకు తగినది ఏదో ఎరిగి వేయవలెను గదా.

ఆ పరీక్షలోనే మరొకటి తేలెను. టీకాలు కలిపి వేయించుకొనినవారికి జ్వరము, చలి, తలనొప్పి కొంత ఎక్కువగా వచ్చి, త్వరలోనే తగ్గిపోయెను.

మన దేశములో 2021 మే నెలలో ఉత్తరప్రదేశములోని సిద్ధార్థనగర్ జిల్లాలో కొందరు గ్రామస్థులకు మొదట కోవిషీల్డ్, తరువాత పొరపాటున కోవాగ్జిన్ వేయబడెను. వారిలో 18 మందిని భారత వైద్య పరిశోధనా మండలి పరీక్షించగా, హాని కనబడలేదు. ఎదిరించు శక్తి బాగుగనే ఉండెను. అయితే 18 మంది అనగా చాల చిన్న లెక్క. 2022 జనవరి 10న ముందుజాగ్రత్త మోతాదు మొదలైనప్పుడు సర్కారువారు మునుపటి టీకానే వేయించిరి. తరువాత పరీక్షలు జరిగి, 2022 ఆగస్టు 12 నుండి, కోవిషీల్డ్ గాని కోవాగ్జిన్ గాని రెండు మోతాదులు పొందిన పెద్దలకు కోర్బెవాక్స్ వేయుటకు అనుమతి అమలులోనికి వచ్చెను.

పిల్లల పోలియో టీకాలు

ఒకే రోగమునకు రెండు రకముల టీకా అనునది కరోనాతో వచ్చినది కాదు. మన పిల్లలకు పోలియో చుక్కలును, పోలియో సూదియు రెండును వేయుచున్నారు. చుక్కలలో బలహీనపరచిన సజీవ క్రిమి, సూదిలో చంపబడిన క్రిమి ఉండును. చుక్కలు పేగులో రక్షణ నిచ్చును. సూది రక్తములో రక్షణ నిచ్చును. 2016 ఏప్రిల్‌లో చుక్కల నుండి పోలియో రెండవ రకమును తీసివేసిరి. దానికి రక్షణ సూది వలననే కలుగును. అందుచేత “చుక్కలు వేయించితిమి గదా, సూది ఎందుకు” అని మానరాదు. ఆరు వారములకు, పదునాలుగు వారములకు, తొమ్మిది నెలలకు ఆ సూది తప్పక వేయించవలెను.

మనము పాటింపవలసినవి

1. ఏ టీకా తరువాత ఏది, ఎంత ఎడముతో అనునది డాక్టరు నిర్ణయింపవలెను. ఒక రోగమునకు చెల్లిన కలయిక మరొక రోగమునకు చెల్లునని అనుకొనరాదు.

2. కంపెనీ పేరు మారుట వేరు, టీకా రకము మారుట వేరు. కుక్క కరచినప్పుడు మొదట వేసిన కంపెనీ మందు దొరకలేదని మిగిలిన సూదులు మానరాదు. వెంటనే డాక్టరుకు చెప్పినచో మరొక కంపెనీ మందుతో పూర్తిచేయుదురు. పిచ్చికుక్క రోగము పైకి వచ్చిన పిమ్మట బ్రతుకుట మిక్కిలి అరుదు.

3. సూది తరువాత ఒకటి రెండు నాళ్లు జ్వరము రావచ్చును. గజముల లెక్కన కూలి తీసికొనువారు సరుకు ఇచ్చు గడువు చూచుకొని వేయించుకొనుట మంచిది. జ్వరము తగ్గకున్నను, ఆయాసము గాని ఛాతీనొప్పి గాని వచ్చినను ఆలస్యము చేయరాదు.

4. టీకా చీటీ మన ఊరు మారినప్పుడెల్ల మనతో రావలెను. మన వారి చీటీలు అరవములో, కన్నడములో, మరాఠీలో, ఒడియాలో, ఇంగ్లీషులో ఉండును. ఊరు విడుచుటకు ముందే టీకా పేరు, తేదీ, ఎన్నవ మోతాదు అనునవి ఇంగ్లీషు అక్షరములలో వ్రాయించుకొనవలెను. చీటీ పోయినదని పిల్లల టీకాలు ఆపక, ఆ సంగతి ఆరోగ్య కేంద్రములో చెప్పవలెను.

చీటీ చదువుకొనలేనివారు దానిని సంఘ కార్యాలయమునకు తెచ్చినచో అందున్న వివరములు మేము చదివి, తెలుగులో వ్రాసి యిచ్చెదము. తరువాత ఏ టీకా వేయవలెనో మాత్రము డాక్టరునే అడుగవలెను.